బండి వెనుక బండి కట్టుటకు ముందు

గుత్తి దాటి, పామిడి, అనంతపురము, రాప్తాడు, పెనుకొండల మీదుగా కొడికొండ వరకు సాగు 44వ జాతీయ రహదారిపై ఇటీవలి కాలమున ఇల్లువలె అమర్చుకొన్న పెద్ద బండ్లు, అనగా పడకయు, వంటగదియు, నీళ్ల తొట్టియు, స్నానపు గదియు తమలోనే ఇముడ్చుకొన్న కారవాన్లు, అప్పుడప్పుడు కనబడుచున్నవి. కేరళ ప్రభుత్వము 2021లో కారవాన్ పర్యాటకమునకై ప్రత్యేకముగా ఒక విధానమును ప్రకటించిన నాటినుండి తక్కిన రాష్ట్రములలోను ఆ మాట వినబడుచున్నది. మన రాష్ట్రములోను వినబడుచున్నది. దానితోపాటు మన యువకులలో మరొక కోరికయు మొలకెత్తుచున్నది. అమెరికాలో చేయునట్లు ఆ పెద్ద బండి వెనుక థార్, జిమ్నీ వంటి జీపును తగిలించుకొని, దాని నాలుగు చక్రములును నేలమీదనే దొర్లుచుండగా లాగుకొనిపోయి, మజిలీ చేరిన పిమ్మట విప్పుకొని గుట్టలమీదికిని వంకలలోనికిని పోవలెనన్నదే ఆ కోరిక. ఇది తప్పు కోరిక కాదు. మన కరవు పీఠభూమిని చూడవచ్చువారికి ఇంతకంటె అనువైన ప్రయాణ పద్ధతి మరొకటి లేదని కూడ నా అభిప్రాయము. కాని ఈనాడు మనకున్న చట్టముతోను, మన అంగళ్లలో దొరకు సామగ్రితోను ఈ పనికి పూనుకొనుట అపాయకరము, నియమవిరుద్ధము. దీనికొక ప్రమాణమును నిర్ణయించి అనుమతి నొసగుట ప్రభుత్వము చేయవలసిన పని. అది వచ్చువరకు ఓపిక పట్టుట మనము చేయవలసిన పని.

ఈ పద్ధతి పుట్టి పెరిగిన దేశము అమెరికా. అచ్చటి మోటారు ఇల్లు మన ఎక్స్‌ప్రెస్ బస్సంత పొడవుండును. దానిని ఒక తోటలో నిలిపి, నీటి గొట్టమును కరెంటు తీగను తగిలించి, మెట్లు దించి, సంసారము పెట్టుకొన్న పిమ్మట, ఊరిలోనికి పోయి కూరగాయలు తెచ్చుటకైనను, కొండదారిన పోయి ఒక లోయను చూచివచ్చుటకైనను, మరల అంతయు విప్పి ఆ మహాకాయమును కదలించుట యజమానికి ప్రాణసంకటమగును. అందుచేత వెంట ఒక చిన్న బండి అవసరమైనది. ఆ చిన్న బండి ఎట్టి దారినైనను పోగల జీపు అయినచో ప్రయోజనము రెట్టింపగును. యూటా రాష్ట్రమున మోవాబ్ అను చిన్న పట్టణము కలదు. ఎర్రరాతి గుట్టలు, ఇసుక, అరుదైన వాన, ఇవి దాని సంపద. 1967 మొదలుకొని ఈస్టరు పండుగ దినములలో అచ్చట జీపుల యాత్ర జరుగుచున్నది. మోటారు ఇంటి వెనుక జీపును తగిలించుకొని వచ్చి, ఇంటిని ఊరిలో నిలిపి, జీపుతో గుట్టలెక్కువారు అచ్చట సర్వసాధారణము. పంట పండని రాతినేల కూడ, చూడవచ్చువారి మూలమున, ఊరివారికి కూడు పెట్టగలదనుటకు ఆ పట్టణమే సాక్షి. టెక్సాసులోను కాలిఫోర్నియాలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు ఇట్టివానిని చూచి, ఆ తలపును స్వగ్రామమునకు తెచ్చుకొనుటలో వింత యేమున్నది?

మన నేల సంగతి చూడుడు. 1882లో బళ్లారి నుండి విడివడి యేర్పడిన అనంతపురము జిల్లా, 2022 ఏప్రిలులో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడువరకు, విస్తీర్ణమున రాష్ట్రములో మొదటిది. పడమటి కనుమల మాటున పడి నైరుతి మేఘము చాలక, సముద్రమునకు దూరమై ఈశాన్య మేఘము అందక, ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను ఈ సీమను, రాజస్థానములోని జైసల్మేరు తరువాత దేశమున మిక్కిలి తక్కువ వర్షపాతముగల జిల్లాగా చెప్పుట పరిపాటి. ఇట్టి సీమలో చూడదగినవి రహదారి పక్కన వరుసగా నిలిచియుండవు. లేపాక్షి వీరభద్రాలయమునకు పెద్ద బండి పోవచ్చును. కాని నొళంబులు రాజధానిగా ఏలిన హేమావతికిని, రత్నగిరి కోటకును, కదిరి ప్రాంతమున సుమారు ఐదెకరముల మేర ఊడలు దించి 1989లో గిన్నిస్ గ్రంథమునకెక్కిన తిమ్మమ్మ మర్రిమానునకును, చిలమత్తూరు మండలమున వీరాపురము చింతచెట్లపై గూళ్లు కట్టు ఎర్రకాళ్ల కొంగల యొద్దకును పోవు దారులలో, ఎదురుగా ఒక ట్రాక్టరు వచ్చినచో ఎవరో ఒకరు దిగువకు దిగి నిలువవలసినదే. వజ్రకరూరు, ఉరవకొండ ప్రాంతపు నల్లరేగడి మైదానములలో కృష్ణజింకల మందలు మేయుచుండును. వేదవతి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ మండలములలో, ఎడారి యేదో దారి తప్పి వచ్చి కూర్చున్నదా అనిపించు ఇసుక దిబ్బలు కలవు. వీని యొద్దకు పోవలసినది చిన్న బండి; రాత్రి విశ్రమించుటకు కావలసినది పెద్ద బండి. హోటళ్లు నాలుగైదు పట్టణములకే పరిమితమైన ఈ సీమలో ఈ రెండింటి జత ఎంత ఉపయోగకరమో వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే ఎట్టి దారినైనను పోగల బండి ఉన్నంత మాత్రమున ఎచ్చటికైనను పోవచ్చునని అర్థము కాదు. బయటివారికి బీడుగా తోచునది గొర్రెలకాపరికి మేతభూమి. మొదటి వానకు పదునెక్కిన ఎర్రనేలపై వేరుశెనగ విత్తిన చేను, మొలక కనబడని ఆ నాలుగు దినములును, ఖాళీ మైదానమువలెనే ఉండును. దానిమీద జీపు నొక్కసారి తిప్పినచో ఆ చక్రాల చాళ్లలో నేల గట్టిపడి విత్తు పైకి రాదు. కణేకల్లు ఇసుక దిబ్బలు చూపరికి సుందరములు, అచ్చటి రైతునకు శాపములు. గాలికి కదలి చేలమీదికి వచ్చు ఆ ఇసుకను చెట్లునాటి నిలువరింపవలెనని ఏండ్ల తరబడి ప్రయత్నములు జరుగుచున్నవి. అట్టిచోట ఒక కంపచెట్టును చక్రము క్రింద నలిపినను అది అపకారమే. నీటి సంగతియు ఇట్టిదే. బిందెలు వరుసపెట్టి ట్యాంకరు కొఱకు ఎదురుచూచు ఊరి పక్కన కారవాన్ నిలుపుకొని, ఆ ఊరి కొళాయికి గొట్టము తగిలించుకొనుట ధర్మము కాదు. వచ్చువారు నీటిని పట్టణములోనే నింపుకొని రావలెను, మురికినీటిని మరల పట్టణమునకే కొనిపోవలెను. ఈ షరతునకు ఒప్పుకొనలేనివారు ఈ సీమకు రాకపోవుటయే మేలు.

ఇక లాగుటలోని మర్మములు. దూరము నుండి చూచినవారికి ఇది ఒక కడ్డీ, రెండు బోల్టులు, ఇంతే. నిజమునకు ఇందులో మొదటి ప్రశ్న కడ్డీ గురించినది కాదు, గేరుబాక్సు గురించినది. బండి నాలుగు చక్రములును నేలమీద దొర్లుచుండగా ఇరుసులు తిరుగును, ఇరుసులతో షాఫ్టులు తిరుగును, షాఫ్టులతో గేరుబాక్సు వెనుక భాగము తిరుగును. కాని ఇంజను మాత్రము ఆగియుండును. ఆటోమేటిక్ గేరుగల బండ్లలో ఆయిలును పైకి తోడు పంపు ఇంజనుతో తిరుగునది గనుక, ఇంజను ఆగినప్పుడు లోపలి పండ్లచక్రములకు ఆయిలు అందదు. అట్లు లాగినచో లోపల ఏమి జరుగుచున్నదో ముందు బండి నడుపువానికి తెలియదు. తెలియునప్పటికి లక్షరూపాయల సరకు మాడిపోయియుండును. ఆటోమేటిక్ గేరుగల సాధారణమైన కార్లలో అధికభాగమును నాలుగు చక్రములపై లాగరాదనుటకు ఇదియే కారణము.

జీపు జాతి బండ్లకు ఇందుండి తప్పించుకొను ఉపాయము పుట్టుకతోనే వచ్చినది. గేరుబాక్సు వెనుక, శక్తిని ముందు వెనుక ఇరుసులకు పంచు మరొక పెట్టె కలదు; మెకానిక్కులు దానిని ట్రాన్స్‌ఫర్ కేసు అందురు. దానికి న్యూట్రల్ ఉండునెడల, ఆ స్థానమున నిలిపినంతనే చక్రములకును గేరుబాక్సునకును సంబంధము తెగిపోవును. 1941లో యుద్ధము కొఱకు తయారైన విల్లీస్ జీపులోనే ఈ ఏర్పాటు కలదు. 1947లో మహీంద్రావారు మన దేశమున ఆ జీపుల కూర్పు ఆరంభించిన పిమ్మట, తహశీల్దారు కచేరీల ముంగిళ్లలోను కరవు పనుల తనిఖీలలోను మన పెద్దలు చూచిన జీపులలోను పెద్ద గేరుపిడి పక్కన నిలిచిన రెండు పొట్టిపిడులు దీనికి సంబంధించినవే. 2020లో వచ్చిన కొత్త థార్‌లోను, 2023లో మన దేశమున విడుదలైన జిమ్నీలోను ఫోర్‌వీల్ పిడికి న్యూట్రల్ స్థానము కలదు. అట్లని అది ఉన్నంత మాత్రమున లాగుటకు కర్మాగారము అనుమతించినట్లు కాదు. ఒక్కొక్క బండికి ఒక్కొక్క కట్టుబాటు ఉండును. బండితోపాటు ఇచ్చిన పుస్తకములో ఆ విషయము స్పష్టముగా వ్రాసియున్ననే నమ్మవలెను, షెడ్డులో ఎవరో చెప్పిన మాటను నమ్మరాదు.

అనుమతి ఉన్న బండికైనను క్రమము తప్పరాదు. చదునైన నేలమీద రెండు బండ్లను నిలిపి, ముందుగా కడ్డీని తగిలించి, ఆ తరువాతనే ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్ చేయవలెను. ఏలనన, న్యూట్రల్ చేసిన బండిని గేరు ఆపలేదు, హ్యాండ్‌బ్రేకు దింపినంతనే వాలు ఎటున్నచో అటు పరుగెత్తును. న్యూట్రల్ నిజముగా పడినదో లేదో తెలియవలెనన్న ఇంజను నొకసారి నడిపి, ముందుకొకసారి వెనుకకొకసారి గేరు వేసి, బండి కదలకుండుటను కన్నులార చూడవలెను. పిమ్మట ఇంజను ఆపి, స్టీరింగు తాళము పడకుండునట్లు తాళపుచెవిని పుస్తకములో చెప్పిన స్థానమున ఉంచి, చిట్టచివర హ్యాండ్‌బ్రేకును దింపవలెను. ఈ చివరి పనిని మరచినవారి వెనుక చక్రములు కొన్ని మైళ్లకే పొగలు చిమ్మును. తాళపుచెవి అట్లు తిరిగియున్నంతసేపు బ్యాటరీ కొంచెము కొంచెముగా కరిగిపోవుచుండును గనుక దానికిని ఒక ఉపాయము ఆలోచించుకొనవలెను.

కడ్డీ త్రికోణాకారమున ఉండును. ముందు కొన పెద్ద బండి హుక్కునకు, వెనుకనున్న రెండు చేతులు జీపు ఛాసిస్‌కు తగులును. ఛాసిస్‌కు అంటిని, బంపరుకు కాదు. బంపరు అలంకారముకొఱకును, చిన్న తాకిడికొఱకును ఉన్నది. ఒకటిన్నర టన్నుల బరువు గంటల తరబడి గుంజుచుండగా అది నిలువదు. ఛాసిస్ రెండు కొమ్ములకును బిగించిన ఉక్కు పలక యొకటి అవసరము. కడ్డీ ఇంచుమించు నేలకు సమాంతరముగా ఉండవలెను. జీపు ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి, కడ్డీని వాలుగా తగిలించినచో, పెద్ద బండి బ్రేకు వేసినప్పుడు జీపు ముందుభాగము పైకి లేచి పెద్ద బండిమీదికి ఎక్కుటకు ప్రయత్నించును. జిమ్నీవలె ముందు ఇరుసు ఒక్కటే కడ్డీగా ఉన్న బండ్లలో స్టీరింగు రాడ్ల బుష్షులు, బాల్ జాయింట్లు అరిగియున్నచో, ఒక గుంత తగిలినంత మాత్రమున ముందు చక్రములు కుడియెడమలకు పిచ్చిగా ఊగనారంభించును; లోపల స్టీరింగు పట్టుకొను మనిషి లేడు గనుక ఆ ఊపు తనంతట ఆగదు. అందుచేత కడ్డీ కొనుటకు ముందు బుష్షులు చూచుకొనవలెను.

మరొక ముఖ్యమైన సంగతి. ఇట్లు కట్టిన బండిని వెనుకకు నడుపుటకు వీలులేదు. ముందుకు పోవునప్పుడు జీపు ముందు చక్రములు తమంతట తామే దారిని అనుసరించును. వెనుకకు నెట్టినంతనే అవి ఒక ప్రక్కకు పూర్తిగా మెలికపడి, కడ్డీని వంచివేయును. మన పల్లెదారిలో ఎదురుగా బోరు లారీ వచ్చినదనుకొనుడు, లేదా మలుపులో గొర్రెలమంద నిండియున్నదనుకొనుడు. వెనుకకు పోవలెనన్న క్రిందికి దిగి, కడ్డీ విప్పి, జీపులో ఒకరు, పెద్ద బండిలో ఒకరు కూర్చుండవలసినదే. కాబట్టి ఈ జతను జాతీయ రహదారిపై మాత్రమే నడిపి, రహదారి అంచుననే విడదీయవలెనని నా మతము.

ఇన్నింటిలోను ముఖ్యమైనది బ్రేకు. దీనిని గూర్చి మన పీఠభూమివారికి ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. ఎండకాలమున ఊరూరికి నీళ్లు తోలు ట్రాక్టరును దగ్గరనుండి చూచినవారెవరు దానిని మరతురు? పల్లమునకు దిగునప్పుడు ట్యాంకరు ట్రాక్టరును వెనుకనుండి త్రోయును. నిండు ట్యాంకరుకంటె సగము ఖాళీ అయిన ట్యాంకరు ఎక్కువ ప్రమాదము; ట్రాక్టరు ఆగినను లోపలి నీరు ఆగదు, ముందు గోడకు కొట్టుకొని ట్రాక్టరును మరల ఒక అడుగు ముందుకు నెట్టును. అందుకే అనుభవజ్ఞుడైన డ్రైవరు పల్లము రాకముందే చిన్న గేరు వేసుకొని, బ్రేకుమీద కాలు పెట్టకయే దిగును. ట్యాంకరుకు తనదంటూ బ్రేకు లేకుండుటయు, హుక్కులో అసలు పిన్ను పోయి దాని స్థానమున ఒక ఇనుపచువ్వ వంచి దూర్చియుండుటయు, వెనుక ఎర్రదీపము బదులు మట్టిపట్టిన ఒక రేకుముక్క వేలాడుచుండుటయు మనము దినదినము చూచుచున్నవే. వేరుశెనగ కట్టె నింపుకొని చీకటిలో పోవు ట్రాలీకి ఆ రేకుముక్కయు కనబడదు. ఆ ట్రాక్టరు వేగము గంటకు ఇరువది కిలోమీటర్లు గనుక చాలమారు బ్రతికి బయటపడుచున్నాము. అదే బరువును ఎనుబది వేగమున లాగినచో, వేగము నాలుగింతలైన చోట ఆపవలసిన శక్తి పదునారింతలగును.

అమెరికాలో ఈ కారణముచేతనే పలు రాష్ట్రములు ఒక పరిమితి దాటిన బరువును లాగునప్పుడు వెనుక బండికి వేరుగా బ్రేకు ఉండవలెనని నియమించినవి. 3,000 పౌనులు, అనగా సుమారు 1,360 కిలోలు, తరచుగా కనబడు హద్దు. ఆ బ్రేకు ఒక చిన్న పెట్టెవలె డ్రైవరు సీటు ముందు అమరి, పెద్ద బండి ఆగినప్పుడెల్ల జీపు బ్రేకు పెడలును తానే నొక్కును. ఇంజను ఆగియున్నప్పుడు బ్రేకునకు సాయపడు వాక్యూము ఉండదు, పెడలు రాయివలె గట్టిపడును; ఆ గట్టితనమును లెక్కలోనికి తీసుకొనియే ఆ పెట్టెను తయారుచేయుదురు. కడ్డీ క్రింద రెండు గొలుసులు ఒకదానిపై నొకటి అడ్డముగా పోవును. ఒకవేళ కడ్డీయు గొలుసులును తెగిపోయినచో, ఒక సన్నని తీగ ఊడి జీపు బ్రేకులు తమంతట పడును. పెద్ద బండి దీపములు వెలిగినట్లే జీపు వెనుక దీపములును వెలుగును. వెనుక టైరు పంక్చరైనను ముందున్న డ్రైవరునకు తెలియదు గనుక గాలి తగ్గినంతనే తెలుపు యంత్రమును టైర్లకు అమర్చుదురు. ఈ ఐదింటిలో ఒక్కటి లేకున్నను ఆ ఏర్పాటు అసంపూర్ణమే.

మన చట్టము ఈ విషయమును ఎట్లు చూచినది? 1988 నాటి మోటారు వాహనముల చట్టము క్రింద 1989లో వెలువడిన రోడ్డు నియమములలో లాగుటను గూర్చి ఒక ప్రత్యేక నియమము చేర్చిరి. చెడిపోయిన బండి, కూర్పు పూర్తికాని బండి, రిజిస్టరైన ట్రైలరు, సైడుకారు, వీనిని తప్ప మరి దేనిని మోటారు బండితో లాగరాదని అందుండెను. చెడిన బండి స్టీరింగు ముందు లైసెన్సు గల మనిషి కూర్చుండవలెను, లేనిచో ముందు చక్రములను నేలనుండి పైకెత్తి కట్టవలెను. రెండు బండ్ల నడుమ దూరము ఐదు మీటర్లు మించరాదు. వేగము గంటకు 24 కిలోమీటర్లు మించరాదని అప్పటి నియమము. వెనుక బండిపై తెల్లని పలక మీద 75 మిల్లీమీటర్ల నల్లని అక్షరములతో ఇది లాగబడుచున్నదని వ్రాసి చూపవలెను. 2017లో ఆ నియమముల స్థానమున కొత్త డ్రైవింగు నిబంధనలు వచ్చినను, లాగుటను చెడిన బండికి పట్టిన దుస్థితిగా మాత్రమే చూచు దృష్టి మారలేదు. చక్కగా నడువగల జీపును, మనిషి లేకుండ, సరదాకు లాగుకొనిపోవు మనుష్యుడొకడు ఉండునని ఆ నియమములు వ్రాసినవారు ఊహింపలేదు. వారిని తప్పుపట్టుట అన్యాయము. వారి కన్నులముందు ఉన్నది లారీలును, కొత్త ఛాసిస్‌లును. హోసూరు నుండి ఉత్తరమునకు, క్యాబిను లేని ఛాసిస్‌పై పలక సీటు వేసుకొని, ముఖమునకు తువ్వాలు చుట్టుకొని ఎండలో పోవు డ్రైవర్లను ఈ రహదారిపై నేటికిని చూచుచున్నాము. పెనుకొండ సమీపమున ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ఆరంభించిన కియా కర్మాగారము నుండి వెలువడు కార్లు కూడ పొడవాటి లారీల మీదను రైళ్లమీదను ఎక్కి పోవుచున్నవేగాని, ఒకదాని వెనుక ఒకటి కట్టించుకొని పోవుట లేదు.

నియమము అట్లుండగా రహదారిపై జరుగునది వేరు. లారీవారు టోచన్ అని పిలుచు తాడు లాగుడు ఈ దారిన నిత్యకృత్యము. తాడు లాగగలదేగాని ఆపలేదు. ముందు బండి నెమ్మదించినంతనే తాడు వదులై చక్రము క్రిందికి పోవును, మరల బిగిసినప్పుడు ఝాడించి తెగును. ఇంజను ఆగిన వెనుక బండికి బ్రేకు బరువు, స్టీరింగు బరువు, దీపములు అనుమానము. రాత్రివేళ ఆ రెండు బండ్ల నడుమ తాడున్న సంగతి తెలియక మోటారుసైకిలువాడు దూరబోవుట ఎంత ఘోరమో ఊహించుకొనుడు. ఒక్క ఎర్రగుడ్డ కట్టినను ఆ తాడు కనబడును. ఆ మాత్రపు శ్రద్ధయు అరుదు. తాడునే క్రమములో పెట్టలేని మనము కడ్డీని ఎట్లు క్రమములో పెట్టగలమని కొందరు అడుగుదురు. నా సమాధానము వేరు: ప్రమాణము గల కడ్డీ అంగడిలోనికి వచ్చినచో అది విహారము చేయువానికంటె ముందు చెడిన బండిని లాగు లారీవానికి ఉపకరించును. దూరము మారదు, తాడు తెగదు, దీపములు వెలుగును.

ఇతర దేశములలోను ఈ విషయమున ఏకాభిప్రాయము లేదు. స్పెయిను దేశమువారు మనవలెనే, చెడిన బండిని తప్ప మోటారు బండితో మరొక మోటారు బండిని లాగుటకు ఒప్పుకొనరు. బ్రిటనువారు వేరొక దారి తొక్కిరి. కడ్డీకి కట్టిన కారు అప్పటికి కారు కాదు, ట్రైలరని భావించి, ట్రైలరునకు వర్తించు నియమములన్నియు దానికిని వర్తించునని చెప్పిరి. 750 కిలోలు మించినచో బ్రేకు తప్పనిసరి. ఈ రెండవ దారియే మనకు తగినదని నాకు తోచుచున్నది. మన చట్టమునకు ట్రైలరు కొత్త కాదు, ట్రైలరును రిజిస్టరు చేయు ఆర్టీవో కార్యాలయములు ప్రతి జిల్లాలో ఉన్నవి. పూణేలోని ఆరాయ్ వంటి పరీక్షాసంస్థలు కడ్డీలను, ఛాసిస్ పలకలను, బ్రేకు పెట్టెలను పరీక్షించి ముద్ర వేయవచ్చును. ఏ జీపు కట్టదగినదో, ఏ కారవాన్ ఎంత బరువు లాగగలదో తయారీదారుడు పలకమీద చెక్కి చెప్పవలెను. లాగు వేగమునకు ఒక హద్దును, రాత్రి ప్రయాణమునకు ఒక నిషేధమును పెట్టినను నాకు అభ్యంతరము లేదు. ట్రాక్టరు ట్యాంకర్లకును ఈ ఊపులోనే బ్రేకు, దీపము, పిన్ను సంగతి చూడవలెను. విహారబండికి కఠినమైన నియమము పెట్టి, దాని పక్కనే నీటి ట్యాంకరును చువ్వతో పోనిచ్చుట న్యాయము కాదు. ట్యాంకరు రైతుపై ఆ ఖర్చు పడకుండ ప్రభుత్వమే కొంత భరింపవలసియుండును. కరవులో నీళ్లు తోలువాడు ఊరికి ఉపకారి.

కొందరు ఇప్పటికే షెడ్డులో వెల్డింగు చేయించి కడ్డీలు తగిలించుకొనుటకు ఉత్సాహపడుచున్నారు. వారికి రెండు మాటలు. చట్టములోని 52వ సెక్షను కర్మాగారము నిర్ణయించిన బండి స్వరూపమును ఇష్టమువచ్చినట్లు మార్చుటను అరికట్టుచున్నది. ముందు భాగమున తగిలించు ఉక్కు గార్డులను కేంద్రప్రభుత్వము 2017లో తొలగింపుమన్న సంగతియు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఇక ప్రమాదము జరిగినచో, అనుమతి లేని కడ్డీతో, మనిషి లేని బండిని ఎనుబది వేగమున లాగితివా అని బీమా సంస్థ మొట్టమొదట అడుగును. ఆ ప్రశ్నకు ఇప్పుడు సమాధానము లేదు. నలుబది డిగ్రీలు దాటు మన ఎండలో, వెల్డింగు చేసిన ఒక్క అతుకు మీద రెండు కుటుంబముల ప్రాణములను, ఎదురు వచ్చు ఆర్టీసీ బస్సులోని వారి ప్రాణములను వ్రేలాడదీయుటకు ఎవరికిని హక్కు లేదు.

అంతవరకు చేయదగినది సులభము. కుటుంబములో లైసెన్సు గల మరొకరిని జీపులో కూర్చుండబెట్టి కారవాన్ వెంట నడుపుకొని రండు. అదనముగా అగు ఖర్చు ముఖ్యముగా ఇంధనమునకే. ఒంటరిగా వచ్చువారు కారవాన్‌ను అనంతపురములోనో పెనుకొండలోనో నిలిపి, ఊరివాని జీపును బాడుగకు మాట్లాడుకొనుడు. అతనికి దారియు తెలియును, ఏ చేను విత్తినదో, ఏ బీడు ఎవరిదో కూడ తెలియును, ఆ బాడుగ డబ్బు ఈ కరవు సీమలోనే మిగులును. రవాణాశాఖవారికి నా విన్నపము ఒక్కటే: కారవాన్ విధానమును గూర్చి మాటాడు ప్రతి సభలోను ఈ లాగు కడ్డీకి, బ్రేకునకు, ట్యాంకరు హుక్కునకు ప్రమాణము నిర్ణయించు విషయమును మొదటి అంశముగా చేర్చుడు.